మేకు దిగాక గుర్తొచ్చే టీకా

పాతబస్తీలో ఎవరి కాల్లోనైనా మేకు దిగిందంటే చుట్టూ చేరినవాళ్లు మొదట అడిగేది ఒకటే: తుప్పు పట్టిందా? పట్టిందంటే గొంతులు మారతాయి. ‘సెప్టిక్ అవుతుంది, 24 గంటల్లోపు టీటీ వేయించుకో’ అంటారు. ఆ మనిషి గల్లీ చివరున్న ఆర్‌ఎంపీ దగ్గరికో, బస్తీ దవాఖానకో పోయి ఆ ధనుర్వాతం సూది వేయించుకుంటాడు. ఇక ఆరు నెలల దాకా ఏ ఇనుము గుచ్చుకున్నా ఫికర్ లేదనుకుంటాడు. ధనుర్వాతమంటే జనంలో ఇంకా భయం మిగిలి ఉండటం మంచిదే, ఆ భయమే లేకపోతే ఆ ఒక్క సూదీ పడదు. కానీ భయం తప్పు గుమ్మం దగ్గర కాపలా కాస్తోంది. తుప్పుకు ధనుర్వాతంతో సంబంధం లేదు. గాయం చీము పట్టడాన్ని టీటీ ఆపలేదు. 24 గంటలు దాటితే సూది వృథా అన్న లెక్క వైద్యంలో ఎక్కడా లేదు, ఆరు నెలల గడువూ లేదు. ఇవన్నీ ఎవరైనా కూర్చోబెట్టి చెబితే సరిపోయే పొరపాట్లు. వీటి వెనక ఇంకో పెద్ద పొరపాటు ఉంది. టీకా ఎప్పుడు వేయించుకోవాలో గాయమే చెబుతుందని మనమూ, మన ఆరోగ్య వ్యవస్థా కలిసి ఒప్పేసుకున్నాం. పెద్దవాళ్ల విషయంలో, అందులోనూ రెక్కల కష్టం మీద బతికే మగవాళ్ల విషయంలో, ఈ ఒప్పుకోలు ప్రాణం మీదికి తెస్తుందనీ, దాన్ని మార్చడం హైదరాబాద్‌కు చేతకాని పనేమీ కాదనీ నా వాదన.

ముందు తుప్పు సంగతి. ధనుర్వాతాన్ని తెచ్చే క్లాస్ట్రీడియం టెటని అనే సూక్ష్మజీవి ఉండేది మట్టిలో, పశువుల పేడలో, గుర్రపు లద్దిలో. 1884లో జర్మనీలో ఆర్థర్ నికొలాయర్ మామూలు తోటమట్టిని జంతువుల చర్మం కిందికి ఎక్కించి చూశాడు, వాటికి ధనుర్వాతం వచ్చింది. మరో ఐదేళ్లకు, 1889లో, బెర్లిన్‌లో జపాన్ శాస్త్రవేత్త కితసాటో షిబసబురో ఆ జీవిని మిగతావాటి నుంచి విడదీసి పెంచగలిగాడు. కితసాటోకు ముందు చాలామంది విఫలం కావడానికి కారణం గాలి. ఈ జీవికి ప్రాణవాయువు గిట్టదు. గాలి తగిలే చోట అది గట్టి పొర కప్పుకొని బీజంగా మారి, ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. లోతుగా, సన్నగా దిగి, పైన మూసుకుపోయిన గాయం దానికి సరిగ్గా కావలసిన చీకటి గది. మేకు చేసే తప్పు అక్కడుంది. మట్టిని గాలి చొరని లోతుకు మోసుకుపోతుంది. తుప్పు పట్టిన మేకు చాలాకాలం నేలలో పడి ఉంటుంది గనక నింద తుప్పు మీద పడింది. తళతళలాడే కొత్త మేకైనా, వెదురు పేడైనా, తుమ్మముల్లైనా పేడ అంటుకొని దిగితే అంతే ప్రమాదం. బక్రీదు ముందు గొర్రెలు, మేకలు కట్టేసే గల్లీలు, తబేలాల చుట్టుపక్కల సందులు, నాలా పూడిక తీసి గట్టు మీద పోసిన చోట్లు, జుమెరాత్ బజార్‌లో నేల మీద పరిచిన పాత సామాను, వీటిలో దేనికీ తుప్పుతో పనిలేదు. సంక్రాంతికి గాలిపటం మాంజా వేలు కోస్తే బొటబొటా రక్తం కారి చూసేవాళ్లు హడలిపోతారు. అది పైపైన తెరుచుకొని ఉన్న గాయం, కడిగితే పోతుంది. చుక్క రక్తం కారకుండా అరికాల్లో మూసుకుపోయిన గాటు దానికన్నా భయపడదగింది.

ఆ జీవి గాయంలోనే ఉండిపోతుంది, పెద్దగా వ్యాపించదు కూడా. ఒళ్లంతా తిరిగేది అది విడిచే విషం. కిలో బరువుకు 2.5 నానోగ్రాములుంటే మనిషి ప్రాణం తీయగలదని అంచనా. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఈ విషం కండరం దగ్గర నాడి కొసను పట్టుకొని లోపలికి చేరుతుంది, అక్కణ్నుంచి నాడి పొడవునా పైకి పాకుతూ వెన్నుపాముకు చేరుతుంది. అక్కడ అది చేసే పని అర్థం కావాలంటే మోచేయి మడిచి చూసుకుంటే చాలు. ముందు కండరం బిగుసుకుంటుంది, అదే క్షణంలో వెనక కండరం వదులవుతుంది. ఆ వదులు తనంతట తాను రాదు. వెన్నుపాములో కొన్ని నాడీకణాలకు ఉన్న పనల్లా కండరాలకు ‘ఇక చాలు’ అని చెప్పడమే. గ్లైసిన్, గాబా అనే రసాయనాలను విడిచి అవి ఆ మాట చెబుతాయి. ఆ రసాయనాలు చిన్న చిన్న సంచుల్లో నిండి ఉంటాయి. సంచి కణం అంచుకు అతుక్కొని విచ్చుకోవాలంటే సినాప్టోబ్రెవిన్ అనే ప్రొటీన్ కావాలి. ధనుర్వాత విషం ఒక కత్తెరలా సరిగ్గా ఆ ప్రొటీన్‌ను కత్తిరిస్తుందని 1992లో తేలింది. సంచులు నిండుగానే ఉంటాయి, విచ్చుకోవు. ‘బిగించు’ అనే ఆజ్ఞలు వస్తూనే ఉంటాయి, ‘చాలు’ అనే మాట మాత్రం వినపడదు.

తర్వాత జరిగేదంతా ఆ ఒక్క మాట లోపించడం వల్లే. ముఖానికి, దవడకు వెళ్లే నాడులు పొట్టివి గనక విషం వాటి మూలాలకు ముందు చేరుతుంది, అందుకే గాయం కాలికైనా మొదట దవడ బిగుస్తుంది. మింగుడు పడదు, మెడ పట్టేస్తుంది, పొట్ట బల్లపరుపుగా గట్టిపడుతుంది. తర్వాత వీపు కండరాలు పొట్ట కండరాలను గెలిచి దేహాన్ని వెనక్కి వంచేస్తాయి. ధనుస్సు పేరు పెట్టిన మన పూర్వులు చూసింది దీన్నే. తలుపు చప్పుడు, దీపం వెలుతురు, దుప్పటి సర్దే చెయ్యి, ఏది తగిలినా మళ్లీ ఈడ్పు వస్తుంది, ఎముకలు విరిగేంత బలంగా కూడా రావచ్చు. ఊపిరి కండరాలు బిగుసుకుపోతే ప్రాణాలు పోతాయి. అవి నిలబడినా గుండె వేగం, రక్తపోటు అదుపు తప్పి ఉన్నట్టుండి పెరిగి, ఉన్నట్టుండి పడిపోతుంటాయి. ఇంత జరుగుతున్నా ఈ విషం మెదడులో స్పృహ జోలికి పోదు. ప్రతి ఈడ్పునూ రోగి పూర్తి తెలివితో అనుభవిస్తాడు. ఈ జబ్బును మామూలు అంకెల మధ్య ఒక అంకెగా చదవలేకపోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. గాయమైన నాటి నుంచి లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువమందిలో వారం పది రోజులు. ఆలోపు గాయం మానిపోయి ఉంటుంది. దవడ నొప్పిని పంటి నొప్పి అనుకొని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లుంటారు.

ఇలాంటి రోగులను హైదరాబాద్‌లో పంపేది నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి. పాతవాళ్లకు అది ఇప్పటికీ కోరంటి దవాఖానే, క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. అక్కడైనా ఇంకెక్కడైనా వైద్యులు చేయగలిగినదానికి ఒక హద్దుంది. యాంటీటాక్సిన్ ఇస్తే అది ఇంకా నాడిలోకి చేరని విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. చేరిపోయినదాన్ని వదిలించే మందు లేదు. విషం పడ్డ నాడి కొసలు మళ్లీ కోలుకొని కొత్త అతుకులు వేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ రోగిని చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మత్తులో ఉంచి, అవసరమైతే వెంటిలేటర్‌తో ఊపిరి నిలబెట్టి, కాలం గడిపించడమే వైద్యం. ఇంత బాధపడి బతికి బయటపడ్డ మనిషికి రోగనిరోధక శక్తి అయినా వస్తుందా అంటే, రాదు. జబ్బు తెచ్చే విషం మోతాదు ఎంత తక్కువంటే, దేహం దాన్ని గుర్తుపెట్టుకునేలోపే అది తన పని కానిచ్చేస్తుంది. అందుకే కోలుకున్నవాళ్లకు కూడా టీకా మొదటి నుంచి వేయాలి.

ఇక్కడికొచ్చాక మేకు దిగాక వేయించుకునే సూది విలువెంతో తూచి చూడొచ్చు. టీకాలో ఉండేది చంపిన విషం. దాన్ని చూసి దేహం ప్రతిరక్షకాలు తయారుచేసుకోవాలి. చిన్నప్పటి డోసులన్నీ పడ్డ మనిషిలో పాత జ్ఞాపకం ఉంటుంది, ఒక్క సూది పడగానే కొద్ది రోజుల్లో ప్రతిరక్షకాలు పొంగుకొస్తాయి, మేకు దిగాక వేసినా అది పనికొస్తుంది. ఒక్క డోసూ ఎరగని మనిషిలో ఆ జ్ఞాపకం లేదు. అతనికి మొదటి సూదితో చాలినంత రక్షణ రాదు, వచ్చే కాస్త కూడా ఈ గాయానికి అందదు. మురికి గాయంతో వచ్చిన అలాంటివాడికి టీకాతో పాటు టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వేరొకరి దేహం తయారుచేసిన ప్రతిరక్షకాలు, ఇవ్వాలి. గల్లీ క్లినిక్కుల్లో అది సాధారణంగా దొరకదు, ఇవ్వాలన్న ఆలోచనా రాదు. ఫలితం తలకిందులు. టీటీ అవసరం పెద్దగా లేనివాడికీ అదే సూది, ఒక్క టీటీతో సరిపోనివాడికీ అదే సూది, ఇద్దరికీ ఒకే నిశ్చింత. గాయానికి ముందే సైనికులందరికీ టాక్సాయిడ్ టీకా వేసిన అమెరికా సైన్యంలో రెండో ప్రపంచ యుద్ధం మొత్తం మీద నమోదైన ధనుర్వాతం కేసులు 12. లక్షలాది గాయాలు, బురద, పేడ, తూటాలు, వాటి మధ్య 12. ముందే వేయడానికీ, తగిలాక వేయడానికీ తేడా చూపడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష మనం పెట్టలేం.

మరి మనలో ముందే రక్షణ ఉన్నదెవరికి? పసికందులకు, బాలింతలకు మన రాష్ట్రాలు చేసింది చిన్నదేం కాదు, దాన్ని తలచుకోవాలి. మంత్రసాని చేతిలోని కొడవలి, బొడ్డు మీద పూసిన పేడ, బూడిద ఒకప్పుడు ఎందరో శిశువులను పుట్టిన వారంలోనే మింగేవి. 1988లో ప్రపంచవ్యాప్తంగా 7,87,000 మంది నవజాత శిశువులు ధనుర్వాతంతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, 2018కి అది 25,000కు దిగింది. గర్భిణులకు టీకా, ఆసుపత్రి కాన్పులు కలిసి సాధించిన మార్పు ఇది. అప్పటికి ఉమ్మడిగా ఉన్న ఆంధ్రప్రదేశ్ 2003లోనే, మిగతా రాష్ట్రాలకన్నా ముందు, నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు నిర్ధారణ పొందింది. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. అయితే ఇక్కడ నిర్మూలన అంటే ప్రతి జిల్లాలో వెయ్యి సజీవ జననాలకు ఒక కేసుకన్నా తక్కువ అని. మట్టిలో బీజం ఎక్కడికీ పోలేదు. ఆ విజయం తల్లులకు, బిడ్డలకు వేసిన కంచె. కంచె బయట మిగిలిపోయినవాళ్ల సంగతి టీకా పట్టికే చెబుతుంది. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో మూడు డోసులు, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి, ఐదారేళ్లకు ఒకటి, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ, అంటే ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియానూ ఆపే టీకా. ఆ తర్వాత గర్భిణికి తప్ప ఇంకెవరికీ అందులో గడి లేదు. పదహారేళ్లు దాటిన మగవాడు ఈ పట్టికలోంచి శాశ్వతంగా వెళ్లిపోతాడు, కాన్పుల వయసు దాటిన స్త్రీ కూడా అంతే. సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది 1985లో, దేశమంతా పాకడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇవాళ నలభై దాటిన తాపీమేస్త్రీకి, హమాలీకి, నాలా కూలీకి పసితనంలో ఏ సూది పడిందో చెప్పే కాగితం లేదు, చాలామందికి ఆ సూదే పడి ఉండదు.

పడ్డవాళ్లలో కూడా తర్వాతి డోసులు ఎక్కడ తెగిపోయాయో చూపే అద్దం ఒకటి ఈ నగరంలోనే ఉంది. అది కంఠసర్పి, జనం డిఫ్తీరియా అని పిలిచేది. 2003 నుంచి 2006 దాకా హైదరాబాద్ కేసులను పరిశీలించిన అధ్యయనంలో జబ్బు ఎక్కువగా కనిపించింది చంటిపిల్లల్లో కాదు, 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో. నాలుగు, అంతకన్నా ఎక్కువ డోసులు పడ్డవాళ్లను టీకా బాగా కాపాడింది, బూస్టర్లు పడ్డవాళ్లు మాత్రం తక్కువమంది. కంఠసర్పి టీకా, ధనుర్వాతం టీకా ఒకే సీసాలో ఉంటాయి. ఒకటి తప్పిన చేతికి రెండోదీ తప్పినట్టే. కంఠసర్పి మనిషి నుంచి మనిషికి అంటుతుంది గనక ఆ లోటు వెంటనే కేసులుగా బయటపడింది. ధనుర్వాతం అంటదు గనక అదే లోటు కనపడకుండా, ఒక్కొక్క మేకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దేశం 2019 నుంచి టీటీ స్థానంలో టీడీ తేవడానికి కారణం కూడా కంఠసర్పి రక్షణ వయసుతో పాటు తగ్గిపోవడమే. గల్లీలో అందరూ ఇంకా టీటీ అనే అంటారు, అననీయండి, పడేది టీడీ అయితే రెండు విధాలా మేలు.

అంటువ్యాధి కాకపోవడం వల్ల ఇంకో పర్యవసానం ఉంది. తట్టు విషయంలో చుట్టూ వందలో తొంభై ఐదుమందికి టీకా పడితే మిగిలిన ఐదుగురికీ నీడ దొరుకుతుంది. ధనుర్వాతంలో పక్కవాడి టీకా మనకు అక్కరకు రాదు, ఎవరి గొడుగు వాళ్లే పట్టుకోవాలి. 2004 డిసెంబర్ సునామీ తర్వాత ఇండొనేసియాలోని ఆచేలో 106 ధనుర్వాతం కేసులు వచ్చాయి, వాళ్లలో 20 మంది చనిపోయారు. శిథిలాల్లో, బురదలో గాయపడ్డ పెద్దవాళ్లకు గొడుగు లేకపోతే జరిగేది అదే. 2020 అక్టోబర్ వరదలో హఫీజ్ బాబానగర్, అల్ జుబేల్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లు నిండా మునిగి, జనం ఆ బురదను రోజుల తరబడి ఎత్తిపోసుకున్నారు. మూసీ పక్కన, చెరువుల దిగువన బతికే నగరానికి ఇలాంటి రోజు మళ్లీ రాదనుకోలేం. ఆ రోజు క్యాంపులు పెట్టి వరసగా సూదులు వేయడం మంచిదే కానీ, జ్ఞాపకం లేని దేహాలకు ఆ సూది ఆలస్యంగా వచ్చిన చుట్టం.

దీనికి బదులుగా వినిపించే మాటలున్నాయి, వాటిని తోసిపుచ్చకూడదు. పదేళ్లకోసారి అందరికీ సూదులంటే వృథా, చిన్నప్పటి నుంచి ఆరు డోసులు పూర్తయినవాళ్లకు జీవితకాలం రక్షణ ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది కదా అంటారు. నిజమే. 2017లో ఆ సంస్థ ఇచ్చిన సూచన అదే, మన పట్టిక కూడా పూర్తిగా పడితే ఏడు డోసులవుతుంది. అందుకే నేనడిగేది అందరికీ ఒకే సూది కాదు. ఎవరికి ఎన్ని పడ్డాయో తెలుసుకొని, లేనివాళ్లకు మొదటి నుంచి వేయమని: నాలుగు వారాల తేడాతో రెండు, ఆరు నెలలకో ఏడాదికో మూడోది. ‘గీసుకున్నప్పుడల్లా టీటీ వేయించుకుంటే నష్టమేంటి’ అనేది ఇంకో మాట. ప్రతిరక్షకాలు నిండుగా ఉన్నవాడికి పదేపదే వేస్తే చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా వాచి మండే ప్రతిచర్య రావచ్చు. అంతకన్నా పెద్ద నష్టం, రాసిపెట్టని ఆ సూదులన్నీ లెక్కకు రాకపోవడం. మూడు డోసులు పూర్తయిన మనిషికి చిన్న శుభ్రమైన గాయమైతే చివరి డోసు నుంచి పదేళ్లు, మురికి గాయమైతే ఐదేళ్లు దాటితేనే మళ్లీ సూది కావాలి. ఆ లెక్క కట్టడానికి ఒక తేదీ కావాలి.

మూడోది అనుమానం. టీకా వెనక ఇంకేదో ఉందని, పిల్లలు పుట్టకుండా చేస్తుందని వదంతులు ఎన్నో దేశాల్లో పుట్టాయి, మన గల్లీలకూ వచ్చాయి. అది నిజమైతే దశాబ్దాలుగా గర్భిణులకే ఎక్కువగా వేస్తున్న ఈ టీకా తర్వాత రెండో బిడ్డ, మూడో బిడ్డ ఏ ఇంట్లోనూ పుట్టకూడదు. అయితే అనుమానపడేవాళ్లను కసురుకోవడం నాకు సమ్మతం కాదు. టీకా వేసేచోట నిర్లక్ష్యం మనుషుల్ని చంపిన ఘటన చరిత్రలో ఉంది, అదీ ధనుర్వాతంతోనే. 1902 అక్టోబర్ 30న పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో ప్లేగు టీకా వేయించుకున్న 107 మందిలో, ఒకే సీసా నుంచి పడ్డ 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ మీద నేరం మోపి పదవి నుంచి తప్పించారు. చివరకు బయటపడిందేమంటే, ఊళ్లో సీసా మూత తీసిన పట్టకారు అంతకుముందు నేల మీద పడింది, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. ఇందులోనూ ముద్దాయి మట్టే. 1907లో హాఫ్‌కిన్ నిర్దోషి అని పత్రికల్లో గట్టిగా వాదించినవాళ్లలో ముందున్నది సర్ రొనాల్డ్ రాస్. సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు విప్పిన ఆ రాస్ పేరే ఇవాళ కోరంటి దవాఖానకు ఉంది. ఇలాంటి కథలు దాచకుండా చెప్పి, ఒక్కసారి వాడి పారేసే సూదిని కళ్లముందు విప్పి చూపితే, అడిగేవాళ్లకు మర్యాదగా జవాబిచ్చినట్టవుతుంది.

గాయమైతే ఏం చేయాలన్నదీ మారాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి అద్దడం మానేసి పారే నీళ్ల కింద సబ్బుతో ఐదు నిమిషాలు కడగాలి. లోపల ముల్లు, పేడు, చచ్చిన కండ మిగలకుండా తీయించాలి, సన్నగా లోతుగా దిగిన గాయాన్ని గట్టిగా మూసి కట్టకూడదు. మూడు రోజులు ఆలస్యమైనా సూదికి వెళ్లాలి, గడువు దాటిందని ఇంట్లో కూర్చోకూడదు. ఇది మనుషుల వంతు. ప్రభుత్వం వంతు ఇంతకన్నా తేలిక. 2018 నుంచి బస్తీ దవాఖానలున్నాయి, బీపీ, షుగర్ మాత్రల కోసం నలభై దాటినవాళ్లు వాటి మెట్లు ఎలాగూ ఎక్కుతున్నారు. కోవిడ్ కాలంలో పెద్దవాళ్ల టీకాను ఫోన్ నంబరుతో నమోదు చేసి ధ్రువపత్రం ఇవ్వడం ఈ దేశానికి చేతనైంది. అదే పద్ధతిలో టీడీ తేదీని రాయొచ్చు. నాలాలు తీసేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు, భవన కార్మికులు, తబేలాల్లో పనిచేసేవాళ్లతో మొదలుపెట్టొచ్చు. కూలి పోగొట్టుకొని పగలు రాలేనివాళ్ల కోసం వారంలో ఒక సాయంత్రం తెరిచి ఉంచొచ్చు. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ అర్ధరాత్రి దాకా దుకాణాలు తెరిచి ఉండే ఊరికి రాత్రి ఎనిమిదింటి సూది వింతేమీ కాదు. మాత్రల చీటీ రాసే నర్సు బీపీ పట్టీ చుడుతూనే ‘అన్నా, టీటీ ఆఖరిసారి ఎప్పుడు పడ్డది?’ అని అడగాలి, ‘యాదికి లేదు’ అంటే అదే కుర్చీలో మొదటి డోసు వేసి, రెండోదాని తేదీ చీటీ వెనక రాసివ్వాలి.